ఆ ‘సి’ చెరిగిపోతుందనుకున్నాను

ఇంటర్ ఫస్టియర్ కెమిస్ట్రీలో మార్కులు తక్కువొస్తే ఇంప్రూవ్‌మెంట్ రాశాను. రెండింట్లో ఏది ఎక్కువైతే అదే మెమోలోకి ఎక్కింది. పాత మార్కుల్ని ఆ తర్వాత ఎవరూ అడగలేదు. చదువు ఎక్కడైనా ఇంతేననీ, మళ్లీ రాస్తే పాతది పోతుందనీ నమ్మి అమెరికా వెళ్లాను. ఆ నమ్మకాన్ని అక్కడ ఒక్కరి దగ్గరైనా సరిచూసుకోకపోవడం నా తెలివితక్కువతనం.

ఎమ్మెస్ మొదటి సెమిస్టర్లో మూడు కోర్సులు. రెండింట్లో ‘బి’, అల్గారిథమ్స్‌లో ‘సి’. ప్రోగ్రాం రాయడం వచ్చు గనక కోర్సు కూడా వచ్చేస్తుందనుకున్నాను. మిడ్‌టర్మ్‌లో డైనమిక్ ప్రోగ్రామింగ్ లెక్కకి జవాబు సరిగానే వేశాను. అది ఎందుకు సరైనదో రుజువు మాత్రం రాయలేదు. సగానికి పైగా మార్కులు ఆ రుజువుకే. ఫైనల్‌లోనూ అదే తప్పు. జీపీఏ 2.67 దగ్గర ఆగింది. అక్కడ ఎమ్మెస్ వాళ్లకి సాధారణంగా 3.0 తగ్గకూడదు. తగ్గింది కాబట్టి అకడమిక్ ప్రొబేషన్ అంటూ లెటర్ వచ్చింది.

ఇంట్లో చెప్పలేదు. నాన్న ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టి తెచ్చిన లోనుతో చదువుతున్నవాణ్ణి, ఏమని చెప్పను? అడ్వైజర్ దగ్గరికి వెళ్లాలన్నా ముందు ఆ ‘సి’ గురించి నోరు విప్పాలి. మొహం చెల్లలేదు. అపార్ట్‌మెంట్‌లో ఉండే సీనియర్‌ని అడిగితే, ‘రీటేక్ చేసెయ్ రా, పాత గ్రేడు పోద్ది’ అన్నాడు. నాకు కావలసిన మాట అదే. వెంటనే ఫీజు కట్టేశాను.

రెండో సెమిస్టర్లో ఆ రీటేక్‌లో ‘ఎ’ వచ్చింది, మిగతా రెండింట్లో ‘బి’. పాత ‘సి’ పోతే జీపీఏ 3.2 కావాలి. ట్రాన్స్‌క్రిప్ట్ తెరిస్తే సరిగ్గా 3.0 ఉంది. ఒకే కోర్సు నంబరు రెండు సెమిస్టర్ల కిందా కనిపిస్తోంది, ఒక చోట ‘సి’, ఇంకో చోట ‘ఎ’. అప్పుడు వెళ్లాను అడ్వైజర్ దగ్గరికి. ఆవిడ యూనివర్సిటీ క్యాటలాగ్ తెరిచి చూపించారు. గ్రేడ్ రీప్లేస్‌మెంట్ బ్యాచిలర్స్ చదివే పిల్లలకే. గ్రాడ్యుయేట్ విద్యార్థి మళ్లీ చదివితే రెండు గ్రేడ్లూ జీపీఏలోకి వస్తాయి, క్రెడిట్లు మాత్రం ఒక్కసారే. సీనియర్ చెప్పింది అబద్ధం కాదు, అది బీఎస్ చదువుతున్న అతని స్నేహితుడికి వర్తించిన రూలు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆ తర్వాత వేసుకున్న లెక్క. రీటేక్ బదులు కొత్త కోర్సు తీసుకుని అందులో ‘ఎ’ తెచ్చుకున్నా జీపీఏ అదే 3.0 అయ్యేది. మా డిపార్ట్‌మెంట్‌లో ఒక ‘సి’ని డిగ్రీకి ఒప్పుకునేవారు. అంటే 30 క్రెడిట్లలో మరో మూడు పూర్తయి ఉండేవి. ఒక కోర్సు ఫీజు, అదీ విదేశీ విద్యార్థి కట్టే రేటులో, నా సిగ్గుకి ఖర్చయిపోయింది. రెండోసారి రుజువులు రాయడం వచ్చిందన్న మాట నిజమే. కానీ అది ప్రొఫెసర్ ఆఫీస్ అవర్స్‌కి మొదటిసారే వెళ్లి ఉంటే పైసా ఖర్చు లేకుండా వచ్చేది. నేను రీటేక్ చేసింది నేర్చుకోవడానికి కాదు, చెరిపెయ్యడానికి.

బీఎస్ పిల్లలకి రీప్లేస్‌మెంట్ ఉండాల్సిందే అంటాను. పద్దెనిమిదేళ్లకి ఇల్లు వదిలి వచ్చిన పిల్లని మొదటి సెమిస్టర్ నాలుగేళ్లూ వెంటాడటం న్యాయం కాదు. అయితే అక్కడా పాత గ్రేడు జీపీఏ లెక్కలోంచే పోతుంది, ట్రాన్స్‌క్రిప్ట్ మీదనుంచి పోదు. ఎన్ని కోర్సులకి ఒప్పుకుంటారన్నది ఒక్కో యూనివర్సిటీలో ఒక్కో రకం. కొన్ని చోట్ల రెండింటి సగటు తీస్తారు.

ఇదంతా తెలిశాక కూడా మా పెదనాన్నగారి మనవరాలికి సగం సలహానే ఇచ్చాను. న్యూజెర్సీలో పుట్టిన పిల్ల, డాక్టర్ కావాలని ఆశ. ఆర్గానిక్ కెమిస్ట్రీలో ‘సి’ వచ్చిందని ఫోన్ చేస్తే, ‘మీ కాలేజీలో రీప్లేస్‌మెంట్ ఉంది కదమ్మా, భయం లేదు’ అన్నాను. కాలేజీ తన జీపీఏలో మార్చింది. కానీ మెడికల్ కాలేజీలకి అప్లికేషన్లు పంపే ఏఎంసీఏఎస్ కాలేజీ వేసిన జీపీఏని తీసుకోదు. అన్ని ప్రయత్నాలూ కలిపి సొంతంగా లెక్కేస్తుంది. ఆస్టియోపతీ కాలేజీల అప్లికేషన్లో ఒకప్పుడు చివరి గ్రేడే లెక్కకొచ్చేది, 2017 నుంచి అదీ లేదు. లా స్కూళ్లకి లెక్కలు పంపే ఎల్‌శాక్ కూడా రెండు గ్రేడ్లనీ కలుపుతుంది. ఆ పిల్ల నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదనిపించింది.

మీ పిల్లలెవరైనా అమెరికాలో రీటేక్ ఆలోచనలో ఉంటే, ఫీజు కట్టకముందే అడ్వైజర్‌కి ఈమెయిల్ రాయమనండి. ఈ రూలు నా డిగ్రీకి వర్తిస్తుందా, పాత గ్రేడు జీపీఏలో ఉంటుందా, క్రెడిట్లు మళ్లీ వస్తాయా, రేపు నేను అప్లై చేసే చోట దీన్ని ఎలా లెక్కిస్తారు అని అడగమనండి. జవాబు రాతలో వచ్చాకే రిజిస్టర్ చెయ్యమనండి. ‘సి’ వచ్చిందని వాళ్లు చెప్పినప్పుడు, దయచేసి ఇంట్లో ఎవరూ కేకలెయ్యకండి.