పావలా బిళ్ళ కోసం టైటానియం పార

న్యూజెర్సీలో ఉద్యోగం, ఎడిసన్ చుట్టుపక్కల ఇల్లు, కారు తప్ప మిగతావన్నీ పట్టే గరాజ్ ఉన్న తెలుగువాడికి నలభై దాటాక ఏదో ఒక పిచ్చి పట్టక తప్పదు. కొందరు పెరట్లో గోంగూర మడి వేస్తారు. కొందరు సంఘం ఎన్నికల్లో నిలబడతారు. ఇంకొందరు చెవులకు హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, మెటల్ డిటెక్టర్ ఊపుకుంటూ, బెల్మార్ బీచ్‌లో జనం ఇళ్ళకు వెళ్ళే వేళకు దిగుతారు. ఈ వ్యాసం ఆ ఆఖరి జాతి కోసం.

డిటెక్టర్ ఉంది, కూత కూసింది, ఇక తవ్వాలి. తడి ఇసుకలో చేత్తో తవ్వితే ఇటు తీసింది అటు జారుతుంది. ఇంతలో అల వచ్చి గుంటను చదును చేసి పోతుంది. అందుకని స్కూప్ అనే పనిముట్టు పుట్టింది. పొడుగాటి కర్ర, దాని చివర చిల్లుల డబ్బా. పెద్ద సైజు బూందీ గరిటె అనుకోండి. నీళ్ళలో రెండుసార్లు కుదిపితే ఇసుక కారిపోయి వస్తువు మిగులుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలుది రెడీమేడ్‌గా దొరుకుతుంది. కొనుక్కుంటే పని అయిపోతుంది. అంత తొందరగా పని అయిపోవడం మనకు ఇష్టం ఉండదు కాబట్టి టైటానియంతో సొంతంగా చేసుకుందాం.

మొదటి మెట్టు: ఇంట్లో ఒప్పించడం

లోహం కన్నా ముందు ఇంటావిడను వంచాలి. దానికి శాస్త్రీయ కారణం కావాలి. ఘన సెంటీమీటరు స్టీలు దాదాపు 8 గ్రాములు తూగితే టైటానియం 4.5 గ్రాములే. అంటే రెండున్నర కిలోల స్టీలు డబ్బా టైటానియంలో ఒక కిలో 400 గ్రాములకు దిగుతుంది. “చూశావా, కిలోకు పైగా ఆదా, నా నడుము కోసమే” అని కాగితం మీద లెక్క వేసి చూపించండి.

ఆ డబ్బాలో పట్టే ఇసుక లెక్క మాత్రం వేయకండి. 15 సెంటీమీటర్ల వెడల్పు, 25 సెంటీమీటర్ల పొడవు ఉన్న డబ్బాలో నాలుగు లీటర్ల పైచిలుకు తడి ఇసుక పడుతుంది. అది ఎనిమిది కిలోలు. తవ్విన ప్రతిసారీ ఎత్తాల్సింది దాన్ని. మీ నడుముకు ఆ కిలో సంగతి తెలియను కూడా తెలియదు.

రెండో కారణం తుప్పు. సముద్రపు నీళ్ళలో టైటానియం తుప్పు పట్టదు. దాని మీద పల్చటి ఆక్సైడ్ పొర ఉంటుంది. గీత పడితే వెంటనే మళ్ళీ తనే పూడ్చుకుంటుంది. ఓడల్లో, సముద్రపు నీటితో చల్లబరిచే కండెన్సర్లలో దాన్ని వాడేది ఇందుకే. స్టీలు స్కూపును ఇంటికి రాగానే మంచినీళ్ళతో కడిగితే ఏళ్ళ తరబడి ఉంటుందన్న విషయం ఇంట్లో ప్రస్తావించకండి. కడగడం ఎవరి వంతన్న చర్చ మొదలవుతుంది.

రెండో మెట్టు: రేకు సంపాదించడం

టైటానియం ఎక్కడిదో కాదు, ఇసుకలోదే. 1791లో ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌లో విలియం గ్రెగర్ అనే చర్చి ఫాదిరీ వాగు ఒడ్డు నల్ల ఇసుకను పరీక్షించి దీని జాడ పట్టాడు. మన భీమిలి ఒడ్డున అల వెనక్కి తగ్గాక నల్ల చారలు కనిపిస్తాయి చూశారా, అందులోనూ టైటానియం ఖనిజం ఇల్మెనైట్ ఉంటుంది. ఆ ఖనిజాన్ని క్లోరిన్‌తో కలిపి ద్రవంగా మార్చి, దాన్ని కొలిమిలో మెగ్నీషియంతో వేడి చేస్తే స్పాంజ్ లాంటి లోహపు ముద్ద వస్తుంది. 1940లో పేటెంట్ అందుకున్న విలియం క్రోల్ పద్ధతి ఇది. కేరళలోని చవరలో ఉన్న స్పాంజ్ కర్మాగారం మన హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్ సాంకేతికతతో కట్టినదే. ఆ స్పాంజ్‌ను మళ్ళీ గాలి లేని కొలిమిలో కరిగించి, దిమ్మె పోసి, రేకుగా సాగదీయాలి. ఇసుకను ఇన్ని తిప్పలు పెట్టి లోహం చేసి, ఆ లోహంతో వెళ్ళి మళ్ళీ ఇసుకే తోడడం మన కార్యక్రమం.

రేకులో రకాలున్నాయి. గ్రేడ్ 2 అంటే ఇంచుమించు స్వచ్ఛమైనది. మెత్తగా ఉంటుంది, వంచితే వంగుతుంది, స్కూపుకు చక్కగా సరిపోతుంది. కాబట్టి దాన్ని పక్కన పెట్టి గ్రేడ్ 5 తీసుకోండి. అందులో ఆరు శాతం అల్యూమినియం, నాలుగు శాతం వెనేడియం. విమానాల ఇంజన్లలో వాడతారు. వేడి చేయకుండా వంచబోతే స్ప్రింగులా తన్నుకుని వెనక్కి వస్తుంది. ఇంకా మొండికేస్తే మడత దగ్గర చిట్లుతుంది. అయితేనేం, వీకెండ్ పార్టీలో “ఎయిరోస్పేస్ గ్రేడ్ అండీ” అనే అవకాశం గ్రేడ్ 2తో ఎప్పటికీ రాదు.

హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో మిధాని ఉంది కదా, వచ్చేటప్పుడు ఆవకాయ జాడీతోపాటు ఓ ముక్క పట్టుకు రమ్మని బావమరిదికి మెసేజ్ పెట్టాలనిపిస్తుంది. వద్దు. వాళ్ళు రాకెట్లకూ రక్షణ శాఖకూ లోహం తయారుచేసేవాళ్ళు. పైగా ఎయిర్‌పోర్టులో చిల్లుల రేకు గురించి సమాధానం చెప్పడం కన్నా ఆవకాయ గురించి చెప్పడమే తేలిక.

మూడో మెట్టు: చిల్లులు

15 సెంటీమీటర్ల వెడల్పు డబ్బా చుట్టడానికి 47 సెంటీమీటర్ల రేకు కావాలి. దానిమీద 12 మిల్లీమీటర్ల చిల్లులు, నడుమ నాలుగు మిల్లీమీటర్ల జాగాతో వేసుకుంటూ పోతే అయిదు వందలు దాటుతాయి. లేజర్‌తో కోసే షాపుకు డ్రాయింగ్ పంపితే కాసేపట్లో చేసిస్తారు. మనం మాత్రం గరాజ్‌లో డ్రిల్లుతోనే చేద్దాం.

టైటానియం వేడిని లోపలికి పోనివ్వదు. రాపిడికి పుట్టిన వేడంతా డ్రిల్ బిట్ మొన దగ్గరే కూచుంటుంది. అందుకని నెమ్మదిగా తిప్పాలి, గట్టిగా నొక్కాలి, కూలెంట్ పోస్తూ ఉండాలి, బిట్ పదునుగా ఉండాలి. మీరు ఇంట్లో చెక్కకు వేసినట్టే ఫుల్ స్పీడులో, చేయి తేలిగ్గా ఆనించి వేయండి. బిట్ కోయడం మానేసి రుద్దుతుంది. రుద్దినచోట రేకు ఇంకా గట్టిపడుతుంది. ముందు కీచుమని అరుపు, తర్వాత పొగ, ఆపైన మొన నీలంగా మారి మొద్దుబారుతుంది. చిల్లు పడాల్సిన చోట అద్దంలా మెరిసే చిన్న గుంట మిగులుతుంది. “ఏమండీ, ఆ చప్పుడేంటి?” అని లోపల్నుంచి వినిపిస్తే “అయిపోయిందే, ఇంకొక్కటే” అనండి. ఇంకా నాలుగు వందల తొంభై ఉన్నాయని ఆవిడకు ఎవరు చెబుతారు?

కింద పడే రజను మాత్రం వెటకారానికి లొంగదు. టైటానియం సన్నటి పొట్టు, పొడి నిప్పురవ్వకు అంటుకుంటాయి. అంటుకుంటే తెల్లటి వెలుగుతో మండుతాయి. నీళ్ళు పోస్తే మంట పెరుగుతుంది, కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ పనిచేయదు. ఈ లోహం నైట్రోజన్‌లో కూడా మండుతుంది. లోహపు మంటల కోసమే చేసిన క్లాస్ డి పౌడర్ దగ్గర ఉంచుకోండి, రజనును ఎప్పటికప్పుడు ఊడ్చేయండి. ఈ ఒక్క పేరా సీరియస్‌గా చదవండి.

నాలుగో మెట్టు: వెల్డింగ్

రేకు చుట్టి అతకాలి. ఊళ్ళో గేటు అతికే వెల్డింగ్ షాపు పద్ధతి ఇక్కడ కుదరదు. టైటానియం వేడెక్కితే గాలిలోని ఆక్సిజన్, నైట్రోజన్‌లను పీల్చేసుకుంటుంది. పీల్చుకున్నచోట అప్పడంలా పెళుసెక్కుతుంది. కాబట్టి టిగ్ వెల్డింగ్ కావాలి. టార్చి దగ్గర ఆర్గాన్ వాయువు, అతుకు వెనకవైపు ఆర్గాన్, టార్చి జరిగిపోయాక చల్లారేదాకా వెనకాలే ఇంకో కప్పు ఆర్గాన్. అసిటోన్‌తో తుడిచి, దీనికోసమే విడిగా ఉంచిన స్టెయిన్‌లెస్ బ్రష్‌తో రుద్ది, ఆ తర్వాత వేలు కూడా తగలనివ్వకూడదు. వేలిముద్రలోని జిడ్డు చాలు అతుకు పాడవడానికి.

అతుకు ఎలా వచ్చిందో రంగే చెబుతుంది. వెండిలా తెల్లగా మెరిస్తే భేష్. లేత గడ్డి రంగు, పసిడి ఛాయ వస్తే పరవాలేదు. మీ స్కూపు చూసే మొదటి బంగారం బహుశా అదే. నెమలికంఠం నీలం, ఊదా వస్తే గాలి తగిలిందని అర్థం. బూడిద రంగు తిరిగి పైన తెల్లటి పొడి రాలుతుంటే ఆ అతుకు కోసేసి మళ్ళీ మొదలుపెట్టాలి. సాధారణంగా కొత్త చేతికి నీలమే వస్తుంది, అందంగానూ ఉంటుంది. ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టండి. “సూపర్ అన్నా, పెయింటా?” అని అడిగేవాళ్ళుంటారు. అవుననండి.

ఇక పిడి. చెక్కదైనా, కార్బన్ ఫైబర్‌దైనా మీ ఇష్టం. బిగించే బోల్టులు మాత్రం అల్యూమినియంవి వేసి చూడండి. ఉప్పునీళ్ళలో టైటానియానికి ఆనుకున్న అల్యూమినియం తానే కరిగిపోతూ పక్కదాన్ని కాపాడుతుంది. కొన్నాళ్ళకు నడిసముద్రంలో డబ్బా ఒకచోట, పిడి ఒకచోట ఉంటాయి. మునిగిన డబ్బాను వెతకడానికి డిటెక్టర్ ఎలాగూ చేతిలోనే ఉంది.

అయిదో మెట్టు: రంగప్రవేశం

వేసవిలో న్యూజెర్సీలోని చాలా బీచ్ ఊళ్ళలో పగటిపూట ఇసుకలో కాలు పెట్టాలంటే బ్యాడ్జ్ కొనాలి. డిటెక్టర్ విషయంలో ఏ ఊరి రూలు ఆ ఊరిదే, కనుక్కుని దిగండి. పాటు సమయంలో, సాయంత్రం, జనం తువ్వాళ్ళు పరిచి లేచిపోయిన వరస వెంబడి వెతకడం మంచిది.

వెంటనే డిటెక్టర్ గట్టిగా కూస్తుంది. తవ్వండి, ఏమీ ఉండదు. పక్కన కూస్తుంది, అక్కడా ఉండదు. అది కూస్తున్నది మీ స్కూపును చూసి. టైటానియం కూడా లోహమేనన్న సంగతి యంత్రానికి గుర్తుంది. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్ ఒంట్లో దిగిన తూటా కోసం టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహం బెల్ ఇలాంటి యంత్రంతోనే వెతికాడు. పరుపులోని ఉక్కు స్ప్రింగులు అడ్డొచ్చాయంటారు, తూటా దొరకలేదు. కాబట్టి స్కూపును వెనక ఈడ్చుకుంటూ నడవండి. కూత వచ్చినచోట కాలి బొటనవేలితో గుర్తు పెట్టుకుని, డిటెక్టర్ కాయిల్‌ను పక్కకు జరిపి, గుర్తుకు కాస్త వెనకనుంచి దించండి.

పైకి వచ్చేవి ఏమిటంటే సోడా సీసా మూతలు, చాక్లెట్ రేకులు, బీరు డబ్బాల లాగుడు రింగులు. బంగారు ఉంగరానికీ అల్యూమినియం రింగుకీ డిటెక్టర్ తెర మీద ఇంచుమించు ఒకే అంకె రావడం ఈ ఆటలోని అసలు గమ్మత్తు. చెత్త వద్దని ఆ అంకెను కొట్టేస్తే ఉంగరమూ పోతుంది. తర్వాత సెంట్లు. 1982 నుంచి అమెరికా సెంటు బిళ్ళ లోపల జింకు, పైన రాగి పూత. ఉప్పుకు పూత పగిలి, జింకు కరిగి, అంచులు ఎలుక కొరికినట్టు, లింకన్ ముఖం సగం పోయి వస్తుంది. క్వార్టర్ కాస్త గట్టిది, ఎర్రగా మారినా ఆకారంతో దొరుకుతుంది. పాతిక సెంట్లు. ఇంకా పాత బిళ్ళలు కావాలంటే ఇక్కడ కష్టం. కోత పడిన బీచ్‌లను నిలబెట్టడానికి ఆర్మీ ఇంజనీర్లు సముద్రంలోంచి ఇసుక తోడి ఒడ్డున పోస్తుంటారు. తాతల కాలం ఉంగరాలన్నీ ఆ కొత్త ఇసుక కింద భద్రం.

సంక్రాంతికి వెళ్ళినప్పుడు విశాఖలో ప్రయోగిస్తానంటారా? 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం చదివి బయలుదేరండి. భూమిలో దాగిన సొత్తు పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు తెలియజేయాలంటుంది. ఇక ఉప్పాడ దగ్గర తుపాను వెళ్ళిన మర్నాడు బంగారపు రవ్వలు దొరుకుతాయని జనం ఒడ్డుకు చేరి ఇసుక జల్లిస్తారు. సముద్రంలో కలిసిపోయిన ఇళ్ళవీ గుళ్ళవీ అవి అంటారు. ఆడవాళ్ళు, పిల్లలు వంగి చేతులతో వెతుక్కుంటున్న చోట టైటానియం స్కూపుతో దిగకండి. అక్కడ మాత్రం అది సరదా కాదు.

ఆరో మెట్టు: జమాఖర్చులు

రాయకండి. రేకు, బిట్లు, వెల్డింగ్ యంత్రం, ఆర్గాన్ సిలిండర్, క్లాస్ డి పౌడర్ ఒకవైపు, ఎర్రబడ్డ క్వార్టర్లు మరోవైపు పెడితే చారాణా కోడికి బారాణా మసాలా లెక్క తేలుతుంది.

ఇంత చదివాక అసలు సలహా: స్టెయిన్‌లెస్ స్టీలు స్కూపు కొనుక్కోండి. టైటానియం మోజు తీరకపోతే గ్రేడ్ 2 రేకును షాపులో కోయించి, టైటానియం అతికే అలవాటున్నవాడితో అతికించుకోండి. లోపల పేరు చెక్కిన ఉంగరం దొరికితే దాని సొంతదారును వెతికి ఇచ్చేయండి. తవ్విన ప్రతి గుంటనూ పూడ్చి కదలండి. చీకట్లో నడిచేవాళ్ళ కాళ్ళు అందులో పడి విరుగుతాయి. గుంట పూడ్చడానికి ఏ గ్రేడూ అక్కర్లేదు, చెప్పుకాలు చాలు.