బావగారి చెవి

మా పెద్దబావగారు కారెక్కగానే చేసే మొదటి పని ఏసీ కట్టేయడం. తరవాత పాటలు ఆపడం. ఆ తరవాత వెనక్కి తిరిగి, మా అక్కయ్య వైపు చూసి, చూపుడువేలు పెదాల మీద పెట్టుకోవడం. రోహిణీ కార్తె అయినా సరే అద్దం దించి, ఒక చెవి బయటా ఒక చెవి లోపలా ఉండేట్టు తల వాల్చి కూర్చుంటారు. ఊరు దాటేదాకా ఎవరూ దగ్గకూడదు. దాటాక ఆయనే నోరు విప్పుతారు. "వింటున్నావా? కూస్తోంది."

ఆయన లెక్కలో కూయని బండంటూ లేదు. మన చెవికి అంతా ఒకటే చప్పుడు. ఆయనకు జుయ్యిమనడం వేరు, గుయ్యిమనడం వేరు, రొద వేరు, కూత వేరు. గుర్రుమంటే టైరు, కీచుమంటే బెల్టు, సన్నగా ఎత్తుకుని స్పీడుతోపాటు గొంతు పెంచుకుంటూ పోతే బేరింగో గేరు పళ్ళో. ఈ విద్య కార్ల దగ్గర పట్టుబడింది కాదు. ఉద్యోగమంతా ఎత్తిపోతల పథకాల పంపుహౌసుల్లో గడిచింది. నడుస్తున్న మోటారు బేరింగు మీద స్క్రూడ్రైవరు మొన ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, లోపల గోళీలు సుఖంగా ఉన్నాయో లేదో చెప్పేవారట. రిటైరయ్యాక పంపులు పోయాయి, చెవి మిగిలింది. దాన్ని బంధువుల కార్ల మీదకు వదిలారు.

ఆయన పద్ధతిలో తప్పు పట్టడానికి లేదు. అసలు బాధ అదే. తెల్లారకుండానే అపార్టుమెంటు సెల్లారులో నా కారు స్టార్టు చేయించి, న్యూట్రల్లో ఉంచి, బానెట్టు మీదకు వంగి "క్లచ్చి తొక్కు... వదులు... తొక్కు... వదులు" అంటారు. వదిలినప్పుడు కూసి, తొక్కగానే ఊరుకుంటే గేర్‌బాక్సులో ఇన్‌పుట్ షాఫ్టు బేరింగు. వదిలినప్పుడు బుద్ధిగా ఉండి, తొక్కితే కూస్తే రిలీజు బేరింగు. తొక్కినప్పుడు ఇంజనుకీ గేర్‌బాక్సుకీ సంబంధం తెగిపోతుంది, మన కాలి బరువంతా రిలీజు బేరింగు మోస్తుంది. ఈ రెండిటికీ లొంగకుండా ఉత్త రేజింగుతో పెరిగితే ఆల్టర్నేటరూ బెల్టు పుల్లీలూ చూసుకోవాలి. ఈలోగా పై అంతస్తుల్లో ఒక్కో లైటే వెలుగుతుంటుంది. వాచ్‌మన్ వచ్చి, చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోతాడు. "ఇంత పొద్దున్నే ఎందుకు బావగారూ?" అంటే, "ఇంజను చల్లగా ఉన్నప్పుడేనోయ్ నిజం చెప్పేది" అంటారు. ఒక్క ముక్క కూడా కాదనలేం. కాదనలేని మనిషి పక్కన ఆ వేళప్పుడు లుంగీతో నిలబడడం ఎంత కష్టమో పడ్డవాళ్ళకు తెలుసు.

మా తమ్ముడి కొడుక్కి మాత్రం ఆయన దేవుడు. వాడు కొత్తగా డ్రైవింగు నేర్చుకుంటూ, వెనక్కి తీసినప్పుడల్లా బండి ఏడుస్తోందని హడలిపోయాడు. మెకానిక్కు దొరికితే ఏదో ఒకటి విప్పేసేవాడే. బావగారు ఒకసారి విని తేల్చేశారు. "ఏం కాలేదు అల్లుడూ. ముందుకెళ్ళే గేర్లకి పళ్ళు ఏటవాలుగా ఉంటాయి, జారుతూ కలుసుకుంటాయి కాబట్టి సద్దుండదు. చాలా బళ్ళల్లో రివర్సుకి నిలువు పళ్ళు కోస్తారు. పన్ను మొత్తం ఒక్కసారే తగులుతుంది, అందుకని ఆ కూత. అది జబ్బు కాదు, పుట్టుక."

ఆయన స్వర్ణయుగం అంబాసిడర్. నాలుగు గేర్ల బండి. టాపులో పడితే ఇంజను వైపు షాఫ్టూ చక్రాల వైపు షాఫ్టూ నేరుగా ముడిపడతాయి, పక్కన తిరిగే లే షాఫ్టు మీద బరువుండదు. కింది మూడు గేర్లలో ఏడ్చి టాపులో ఊరుకుందంటే లే షాఫ్టు బేరింగులని కళ్ళు మూసుకుని చెప్పొచ్చు. ముందు చక్రాలు లాగే ఈకాలపు కార్లలో అలా నేరుగా ముడిపడే గేరు ఉండదు. "రోగి ఒక్క గుర్తూ చెప్పకపోతే డాక్టరు ఏం చేస్తాడోయ్?" అని వాపోతారు. 2014లో అంబాసిడర్ తయారీ ఆగిపోయినప్పుడు అందరూ వెనకసీటును తలుచుకుని బాధపడ్డారు. ఆయన లే షాఫ్టును తలుచుకున్నారు.

చక్రం బేరింగు పరీక్షకు సెల్లారు చాలదు, రోడ్డు కావాలి. బండి కుడికి తిప్పితే బరువు ఎడమ చక్రాల మీద పడుతుంది. అప్పుడు రొద హెచ్చితే ఎడమ బేరింగు, ఎడమకి తిప్పినప్పుడు హెచ్చితే కుడిది. ఓసారి పెళ్ళికి పోతూ, ఖాళీగా ఉంది కదా అని, బైపాసు మీద నా చేత వంకరటింకరగా నడిపించారు. వెనకసీట్లో అక్కయ్య, ఆవిడ ఒళ్ళో అరిసెల డబ్బా. "కుడి... ఎడమ... ఇంకాస్త..." అంటుండగా పోలీసులు ఆపారు. ఊదమన్నారు. ఊదాను. ఏమీ రాలేదు. "మరి ఆ నడపడమేంటి సార్?" అన్నాడు కానిస్టేబులు. బావగారు దిగి అతనికి ఎడమ బేరింగు సంగతి మొదట్నించీ చెప్పారు. అతను తిట్టలేదు. కాసేపు ఆలోచించి, గొంతు తగ్గించి, "సార్, మా జీపు యాక్సిలేటరు తొక్కితే ఒకలాగా, వదిలితే ఒకలాగా అరుస్తది" అన్నాడు. బావగారి మొహం వెలిగిపోయింది. "వెనక హౌసింగు! క్రౌనూ పినియనూ!" అంటూ జీపెక్కి వెళ్ళిపోయారు. వాళ్ళు తిరిగొచ్చేదాకా నేనూ అక్కయ్యా రోడ్డు పక్కన అరిసెలు తిన్నాం. ముహూర్తం మాకోసం ఆగలేదు.

ఇంత విద్యా అక్కరకు రాని చోటు మెకానిక్ షెడ్డు. అక్కడికి చేరగానే కారు కూయడం మానేస్తుంది. అప్పుడు దాని తరఫున ఈయన కూస్తారు. విజయవాడ ఆటోనగర్‌లో, సుత్తిదెబ్బల మధ్య, తెల్ల లాల్చీ వేసుకున్న పెద్దమనిషి కళ్ళు మూసుకుని "ఊఁఁఁ... నలభై దాటాక ఈఁఁఁ..." అని తీస్తుంటే పక్క షెడ్లవాళ్ళు పనాపి వచ్చి చూస్తారు. మేస్త్రీ మర్యాదస్తుడు. "గేరాయిలు చూద్దాం సార్" అంటాడు. ఇక ఇంకో గంట. కారిన ఆయిలు రెండు వేళ్ళ మధ్య రాసి లోహపు మెరుపుందేమో చూస్తారు, వాసన చూస్తారు, కొత్త డబ్బా మీద జీఎల్-4 అని ఉందో జీఎల్-5 అని ఉందో కళ్ళజోడు పైకెత్తి చదువుతారు. జీఎల్-5లో గంధకం మందు పాళ్ళు ఎక్కువ, అది లోపలి ఇత్తడి సింక్రో రింగుల్ని తినేస్తుందని ఆయన భయం. ఉత్త భయమేం కాదు. కానీ ఆ వేళ్ళతోనే ఇంటికొచ్చి అక్కయ్యను పెరుగన్నం అడుగుతారు చూడండి, అక్కడ నాకు కోపం.

ఇక మా ఇద్దరి మధ్యా ఉన్న పాత బాకీ. నా కారులో ఒక సన్నటి కూత ఉండేది. రేజు చేస్తే పైకి పోయేది, వదిలితే దిగేది. గేరుతో పనిలేదు, క్లచ్చితో పనిలేదు. బావగారికి కబురంపాను. వచ్చారు, ఎక్కారు, ఏసీ కట్టేశారు, పాటలు ఆపేశారు. కూత లేదు. "ఏదోయ్?" అన్నారు. ఆయన్ని ఇంటి దగ్గర దింపి, హమ్మయ్య అనుకుని నేను పాటలు పెట్టుకోగానే కూత కూడా తిరిగొచ్చింది. మళ్ళీ పిలిచాను, మళ్ళీ ఆపేశారు, మళ్ళీ లేదు. "ముందు నీ చెవులు చూపించుకోవోయ్" అని గృహప్రవేశం భోజనాల్లో, వరసంతా వినేట్టు సలహా ఇచ్చారు. చివరికి స్టీరియోలు బిగించే కుర్రాడొకడు చూసి నవ్వాడు. ఎర్తు వైరు వదులైంది, ఆల్టర్నేటరు కూత స్టీరియోలోకి దూరి స్పీకర్లలోంచి వస్తోంది. పాటలు కట్టేస్తే అదీ కట్టు. ఈ సంగతి చెప్తే బావగారు చాలాసేపు మాట్లాడలేదు. "కారులో పాటలు పెట్టుకునేవాడికి బేరింగులు దక్కవు" అని మాత్రం అన్నారు.

మొన్న హైదరాబాదులో ఆయన అల్లుడు ఎలక్ట్రిక్ కారు కొన్నాడు. క్లచ్చి లేదు, మార్చే గేర్లు లేవు, అసలు ఇంజనే లేదు. నాన్న దిగులు పడతారేమోనని అమ్మాయి బెంగపెట్టుకుంది. ఔటర్ మీద తిరిగొచ్చి, ఆ రాత్రే నాకు ఫోను చేశారు. "మోటారుకీ చక్రాలకీ మధ్య వేగం తగ్గించే గేర్లున్నాయోయ్! ఇంజను రొద లేకపోయేసరికి వాటి కూత ఎంత శుభ్రంగా వినిపిస్తోందో!" ఫోనులోనే కూసి వినిపించారు. నేను పెట్టెయ్యలేదు. ఇంకోసారి వినిపించమన్నాను. ఈమధ్య ఆటో ఎక్కినా నా తల ఓ పక్కకి వాలుతోందని మా ఆవిడ అంటోంది.

సెకండ్ హ్యాండు కారు కొనబోయేవాళ్ళు ఆయన్ని వెంటబెట్టుకు వెళ్ళండి. డబ్బు పుచ్చుకోరు, కాఫీ ఇస్తే చాలు. అమ్మేవాళ్ళు మాత్రం పైకం చేతిలో పడేదాకా ఆయన చెవిన వేయకండి. పెళ్ళిళ్ళకు తీసుకెళ్ళాల్సొస్తే బస్సు టిక్కెట్టు కొనివ్వండి. చక్రం మీది సీటు మాత్రం వద్దు.