అడిగినవాడే అసురుడు

మన అతిమానుష చలనచిత్రములు లోకమునకు ఒక నూతన రాజనీతిని ఉపదేశించుచున్నవి. కౌటిల్యుడంతటివానికిని ఇది తోచలేదు. అధికారమును కోరి శ్రమించినవాడు రాక్షసుడు. కోరకయే, కాలుజారి పడినచోట దానిని దొరకబుచ్చుకొన్నవాడు ధర్మమూర్తి!

2024 సంక్రాంతికి వచ్చిన ‘హనుమాన్’ను చూడుడు. మహావీరుడు కావలెనని పసినాడే పట్టుబట్టిన మైకేలు, తల్లిదండ్రులున్న వీరుడెందును కానరాడని తలపోసి, కన్నవారినే కడతేర్చి, పెరిగి పెద్దవాడై యంత్రకవచము తొడిగి, దివ్యశక్తిని వెదకికొనుచు అంజనాద్రికి వచ్చును. కథానాయకుడు హనుమంతు మాత్రము చిల్లర దొంగతనములతో పొద్దుపుచ్చుచు, ఒకనాడు దెబ్బలు తిని నీటిలో పడగా, ఆ శక్తి గల మణి తనంతట తానే అతని చేజిక్కును. కన్నవారిని చంపినవాని తరఫున వకాల్తా పుచ్చుకొనుటకు నేను సిద్ధముగా లేను. కాని ఆ హత్యను వాని నెత్తిన పెట్టినది, ఆకాంక్షయే హంతకి యని మనచేత ఒప్పించుటకే గదా! 2025లో వచ్చిన ‘మిరాయ్’లో ప్రతినాయకుడు మహాబీర్ లామా దివ్యశక్తి నిచ్చు తొమ్మిది గ్రంథములకై నెత్తురుటేరులు పారించుటయు ఈ పాఠమునకు పునశ్చరణమే. 1951 నాటి ‘పాతాళ భైరవి’ ఇంతకంటె నిజాయితీ గలది: అందు నేపాళ మాంత్రికునికిని ఆశయే, రాకుమారి కొరకు సిరి కోరిన తోట రామునికిని ఆశయే, దారులే వేరు.

ఈ సిద్ధాంతమును మా హైదరాబాదు కాప్రాకు అన్వయించితిమేని, నామినేషను వేసి, ధరావతు కట్టి, నిలువెత్తు ఫ్లెక్సీలు పెట్టించి, మురుగుకాలువ దాటి వచ్చి ‘అమ్మా, ఈసారి మనకే వెయ్యాలె’ అని చేతులు జోడించు ప్రతి అభ్యర్థియు మైకేలే యగును. కాప్రా చెరువు గట్టున జారిపడి లేచునప్పటికి చేత కార్పొరేటరు పదవి గలవాడొక్కడే పునీతుడగును. అట్టి పుణ్యాత్ముడు ఇంతవరకు మాకు దొరకలేదు. కబ్జాదారులా, ఏ గట్టునను జారిపడరు.

అదృష్టవశమున ఈ ప్రాంతముననే 1967లో వెలసిన ఈసీఐఎల్ కలదు. బెంగుళూరు బీఈఎల్‌తో పాటు దేశమునకు ఓటింగు యంత్రములు చేసిపెట్టునది ఇదియే. గుర్తు ప్రక్కన నీలి మీట. నొక్కినంతనే ఎర్రదీపము, కుయ్యిమని ఒక మోత. అభ్యర్థి మనసులో ఆశ యున్నదా యని ఆ యంత్రము ఆరా తీయదు. గడువు తీరినపుడు, ఇచ్చినదానిని తిరిగి పుచ్చుకొను వీలు మాత్రము మనకు కల్పించును.

మా పొరుగున నాచారములో స్టూడియో గల నందమూరి తారక రామారావు, 1977లో ‘దాన వీర శూర కర్ణ’లో కృష్ణుడు, కర్ణుడు, సుయోధనుడు ముగ్గురును తానే అయి, 1980లో ‘సూపర్‌మేన్’ అయి, 1982లో పార్టీ పెట్టి, ఊరూర తిరిగి అధికారమును బాహాటముగా అడిగెను. జనులు 1983లో ఇచ్చిరి. 1989లో తీసికొనిరి, కల్వకుర్తిలో స్వయముగా ఆయననే ఓడించిరి. 1994లో మరల పిలిచి ఇచ్చిరి. ఇంత పనికి ఒక్క కొండయు బ్రద్దలు కాలేదు, ఒక్క నగరమును కూలలేదు. కాగితపు చీటీలు చాలినవి.

మన చిత్రములకు లేనిది ఈ చీటీయే. ప్రతినాయకుడు పోయినవెంటనే, అధికారదాహము లోకమునుండి నశించెనని చప్పట్లు కొట్టి ఇంటికి పోవుదుము. మిగిలిన శక్తికి గడువు లేదు, తనిఖీ లేదు, రాజీనామా లేదు. హనుమంతు మంచివాడే, సందేహము లేదు. అయితే ఐదేండ్ల తరువాత అతని పద్దు అడుగువారెవరో చెప్పని కథ, మైకేలును ఎంత తిట్టిపోసినను, మైకేలు కోరిన రాజ్యమునే మరొకనికి పట్టము గట్టి ఇచ్చుచున్నది.