పూత మీద బేరం

మా కొల్లాపూర్‌లో ఉద్యోగాలకు ఒక వరుస ఉంది. ఎక్కడా రాసిపెట్టలేదు గానీ, పెండ్లి సంబంధాలప్పుడు మాత్రం తుచ తప్పకుండా పాటిస్తారు. మొదట సర్కారు కొలువు. తర్వాత అమెరికాలో సాఫ్ట్‌వేర్, ఆ తర్వాత హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్, దాని వెనక బ్యాంకు. అక్కడి నుంచి చాలా దూరం ఖాళీ. ఆ ఖాళీ దాటాక, మండుటెండలో దవాఖాన బయట సంచి పట్టుకుని నిలబడ్డ మెడికల్ రెప్పు కనిపిస్తాడు. అతని పక్కన నేను.

నేను కంపెనీలకు సాఫ్ట్‌వేర్ అమ్ముతాను. తయారు చెయ్యను, అమ్ముతాను. బీటెక్ చదివించిన మా నాయిన ఆ ‘అమ్ముడు’ అన్న మాట ఇంతవరకు ఎవరి ముందూ పలకలేదు. "హైటెక్ సిటీల సాఫ్ట్‌వేర్" అని ఊరుకుంటాడు. అందులో అబద్ధమేమీ లేదు, కొంచెం తక్కువ చెప్తాడంతే. మా అమ్మకు ఆ మాత్రం కూడా నోరు రాదు. "కంప్యూటర్ల మీద" అనేసి వెంటనే చాయ్ పెట్టడానికి లేస్తుంది.

నేరుగా అడిగినవాడు మా పెద్నాయిన ఒక్కడే.

"ఇల్లిల్లు తిరుగుతవారా?"

"లేదు పెద్నాయినా. పెద్ద కంపెనీలకు, బ్యాంకులకు అమ్ముతం."

"ఒక్క బేరం తెగనీకి ఎన్ని దినాలు?"

"ఆరు నెలలు. ఒక్కోసారి ఏడాది."

"అప్పటిదాంక తిండెవరు పెడ్తరు?"

ఈ వృత్తిలో అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. నన్ను ఇంటర్వ్యూ చేసినవాళ్లెవరూ ఆ దరిదాపులకు రాలేదు. జీతం రెండు ముక్కలుగా ఉంటుందని చెప్పాను. ఒకటి నెలనెలా వచ్చేది, రెండోది కోటా కొడితేనే వచ్చేది. అమెరికాలో ఈ రెండూ సగం సగం ఉండడం మామూలు. ఇక్కడ స్థిరమైన ముక్క కాస్త పెద్దగా ఉంటుంది. ఆఫర్ లెటర్‌లో మాత్రం రెండూ కలిపి ఒకే అంకె వేసి, లావు అక్షరాల్లో అచ్చేస్తారు. ఆ అంకె చూసి మురిసిపోయి ఫ్లాట్ కొన్న కుర్రాళ్లు మా ఆఫీసులో ఒకరికొకరు ధైర్యం చెప్పుకుంటూ ఉంటారు.

పెద్నాయిన విని నవ్వాడు. "గదే తోట గుత్త గదరా."

ఆయన మామిడి తోటలు గుత్తకు పడతాడు. పూత చూసి బేరం ఆడతాడు, కాయ వచ్చాక గాని అదృష్టం తేలదు. బూడిద తెగులు రావచ్చు, తేనెమంచు పురుగు రావచ్చు, తీరా పిందె గట్టిపడ్డాక ఒక సాయంత్రం గాలిదుమారం లేచి సగం కాయ నేల పాలు కావచ్చు. మాదీ అంతే. ఫోన్ ఎత్తి "పంపండి, చూస్తాం" అన్నవాళ్లంతా పూత. డెమోకు కూర్చున్నవాళ్లు పిందె. సెక్యూరిటీ వాళ్ల ప్రశ్నలు, లాయర్ల దిద్దుబాట్లు, కొనుగోలు విభాగం వాళ్ల గీచిగీచి బేరం, ఇవన్నీ తెగుళ్లు. సంతకం పెట్టాల్సిన పెద్దమనిషి అదే వారం ఉద్యోగం మారడం గాలిదుమారం. తేడా ఒక్కటే. పెద్నాయిన పూతను చూసి "సగానికి సగం కొట్టెయ్" అంటాడు. మా మేనేజర్ పూతనంతా బుట్టల్లో లెక్కేసి పైవాళ్లకు పంపిస్తాడు.

ఇంకో చిత్రం ఉంది. ఒరాకిల్ ఆర్థిక సంవత్సరం మే 31తో ముగుస్తుంది. అంటే మా ఊరి బేనీషాన్లు, ఒరాకిల్ సేల్స్ వాళ్లు ఒకే ఎండలో మగ్గుతారన్నమాట. మైక్రోసాఫ్ట్‌ది జూన్ 30. జనవరి 31తో ఏడాది మూసేసే కంపెనీలు కూడా బోలెడు. నా ఖర్మ కొద్దీ నేను పడింది అలాంటి చోటే. సంక్రాంతికి సింగోటం లక్ష్మీనరసింహస్వామి జాతర మొదలవుతుంది, ఊరూవాడా అక్కడే ఉంటుంది. నేను ఇంటి మిద్దె మీద సిగ్నల్ వెతుక్కుంటూ, ముంబయిలోని ఎవరో కొనుగోలు అధికారికి దండం పెడుతుంటాను. ఆయన సంతకం పెడితే స్వామికి కొబ్బరికాయ.

ఇదంతా కొత్త వింతేమీ కాదు. ఈ కొలువుకు అచ్చు పోసింది అమెరికాలో గల్లాపెట్టె యంత్రాలు అమ్మిన ఎన్‌సీఆర్ కంపెనీ యజమాని జాన్ ప్యాటర్సన్. పందొమ్మిదో శతాబ్దం చివర్లోనే ఆయన తన మనుషులకు ఊళ్లు పంచి, కోటాలు పెట్టి, ఏం మాట్లాడాలో రాసిచ్చి కంఠస్థం చేయించాడు. ఆయన దగ్గర తర్ఫీదై, ఆయన చేతనే ఊస్టింగ్ అయిన థామస్ వాట్సన్ 1914లో ఇంకో కంపెనీలో చేరాడు. దాని పేరు 1924లో ఐబీఎం అయింది. ఉద్యోగం ఊడినవాడు పెద్ద కంపెనీకి పెద్ద కావడం సేల్స్‌లో మొదటి నుంచీ ఉన్న ఆచారమేనని, లేఆఫ్‌లు జరిగిన వారం మేం ఒకరికొకరం చెప్పుకుంటాం.

తర్వాత 1999లో పుట్టిన సేల్స్‌ఫోర్స్‌లో పనిని ముక్కలు చేశారు. అక్కడ పనిచేసిన ఆరన్ రాస్ 2011లో వచ్చిన పుస్తకంలో ఆ పద్ధతి రాసిపెట్టాక అందరూ అదే పట్టుకున్నారు. ఫోన్లు చేసి మీటింగు కుదిర్చేవాడు ఒకడు, బేరం తెంపేవాడు ఇంకొకడు, అమ్మాక అలిగిన ఖాతాదారును బుజ్జగించేవాడు మరొకడు. కొత్త కుర్రాళ్లు మొదటి పనితో మొదలై, ఏడాదో రెండేళ్లో తిట్లు తిని, రెండో పనికి ఎక్కుతారు. తిట్లు తినడంలో మా పాలమూరు వాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు గనక మావాళ్లు ఇందులో బాగానే నెగ్గుకొస్తారని నా నమ్మకం.

మనవాళ్ల కంపెనీలు కూడా ఇప్పుడు అమ్మడం నేర్చాయి. చెన్నైలో మొదలైన ఫ్రెష్‌వర్క్స్ 2021 సెప్టెంబరులో నాస్‌డాక్ ఎక్కింది. హైదరాబాద్‌లో 2015లో పెట్టిన డార్విన్‌బాక్స్ హెచ్చార్ సాఫ్ట్‌వేర్ అమ్ముకుంటూనే 2022 జనవరికి యూనికార్న్ అయింది. అంతకుముందు అమ్మేవాడు అమెరికాలో, రాసేవాడు ఇక్కడ అన్నట్టుండేది. ఇప్పుడు ఇద్దరూ మాదాపూర్‌లో ఒకే బండి దగ్గర ఇరానీ చాయ్ తాగుతున్నారు.

అసలు తమాషా 2024 డిసెంబరులో జరిగింది. వచ్చే ఏడాది కొత్తగా ఇంజనీర్లను తీసుకోబోమని, ఏఐని జనానికి వివరించి అమ్మడానికి మాత్రం వెయ్యి నుంచి రెండు వేల మంది సేల్స్ మనుషులు కావాలని సేల్స్‌ఫోర్స్ అధిపతి మార్క్ బెనియాఫ్ ప్రకటించాడు. అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ గోడల నిండా ఆ కంపెనీ కోర్సుల పోస్టర్లే. లోపల పిల్లలు కోడ్ బట్టీ పడుతుంటే, ఆయన అమ్మేవాళ్లను పంపండంటున్నాడు. ఆ వార్త నాయినకు వాట్సాప్‌లో పంపాను. చదివినట్టు నీలం గీతలు పడ్డాయి, జవాబు లేదు.

సత్య నాదెళ్ల కూడా 1992లో మైక్రోసాఫ్ట్‌లో చేరినప్పుడు విండోస్ ఎన్‌టీ సంగతి కంపెనీలకు నచ్చజెప్పే పనితోనే మొదలుపెట్టాడని ఇంకో మెసేజ్ పెట్టాను. ఈసారి ఫోనే వచ్చింది. "ఆయన సీఈఓ అయినంక చెప్పుకున్నడు. నువ్వు గూడ అయినంకనే చెప్పు."

అయితే మా కొలువుకూ చీడ పట్టింది. ఫోన్లు చేసి మీటింగులు కుదిర్చే ఆ మొదటి పనినే ఏఐకి అప్పజెప్పాలని ఇప్పుడు కంపెనీల ఉబలాటం. అది అలగదు, సెలవు అడగదు, జాతరకు పోదు. మొదటి మెట్టు పీకేస్తే రెండో మెట్టు మీదికి మనుషులు ఎక్కడి నుంచి వస్తారో ఎవరూ చెప్పరు. అనుభవం ఉన్నవాళ్లే కావాలంటారు. ఆ అనుభవం ఎవరింట్లోనో పెరిగి పెద్దదై రావాలి కాబోలు.

ఈ రోజుల్లోనే పెద్నాయిన మనవడు బీటెక్ ముగించి, "చిన్నాయనా, నేను గూడ సేల్స్‌కే పోత" అన్నాడు. ఇంట్లో రెండు రోజులు పొయ్యి వెలిగినా మాటలు లేవు. వాడికి మొదటి ఇంటర్వ్యూ చేసింది మనిషి కాదు, ఏఐ గొంతు. పక్క మంచం మీద పడుకుని అంతా విన్న పెద్నాయిన "పిల్ల మంచిగ మాట్లాడుతున్నది, ఎవరింటి పిల్లనో అడుగు" అన్నాడు.

రెండో ఇంటర్వ్యూకు మనిషే వచ్చి, ఈ పెన్ను నాకు అమ్మమన్నాడట. వాడు తాత నేర్పిన బేరం అందుకున్నాడు. "సార్, ఇది నిన్ననే ఇంకొకరికి మాటిచ్చిన. మీకు ఇయ్యరాదు." అవతలివాడు కుర్చీలో ముందుకు జరిగాడట.

చివరికి ఎంత జీతం ఆశిస్తున్నావో నింపమని ఫారం వచ్చింది. ముందు అంకె మనం చెప్పొద్దని తాత ఆజ్ఞ. ఖాళీ వదిలితే ఫారం ముందుకు కదలదు. "ఒకటి అని రాయి" అన్నాడు పెద్నాయిన. వాడు నా వైపు చూశాడు, నేను తోట వైపు చూశాను. వాడు ఒకటి అని రాశాడు.

మరునాడు హెచ్చార్ మేడం ఫోన్ చేసింది. "టైపింగ్ మిస్టేకా అండి?"

"మీరెంత అనుకుంటున్నరు మేడం?"

ఆమె ఒక అంకె చెప్పింది. వాడు ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి, "తాతా, నేను అనుకున్నదాని కంటె ఎక్కువే చెప్పింది!" అన్నాడు.

"అట్లనా? అయితే తక్కువైందని ఇంకా గట్టిగ చెప్పు."