పులిపిరి అన్నది నేనే

పుట్టుమచ్చల గురించి నాకు తెలియంది లేదని ఎన్నో ఏళ్ళు నమ్మాను. మా కోనసీమలో పదో తరగతి చదివినవాళ్ళందరూ సర్టిఫికెట్ కోసం చొక్కా ఎత్తి రెండు మచ్చలు వెతుక్కున్నవాళ్ళే కదా! నేను అక్కడితో ఆగలేదు. అరికాల్లో మచ్చ ఉంటే దేశాలు తిరుగుతారని, పెదవి మీదుంటే మాటకారులని పెళ్ళిళ్ళలో చెప్పి చెప్పి పేరు తెచ్చుకున్నాను. జగ్గన్నతోట ప్రభల తీర్థంలో ప్రభల్ని వదిలేసి నాకు చేతులు చాపినవాళ్ళున్నారు. ఆ మర్యాద నాకు బాగా రుచించింది. నలుగురూ చుట్టూ చేరి అడుగుతుంటే మీకు మాత్రం రుచించదా?

తర్వాతెప్పుడో మెలనోమా గురించి చదివాను. చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్ అది. మచ్చని అనుమానించడానికి ఐదు గుర్తులు చెబుతారు: రెండు సగాలూ ఒకలా లేకపోవడం, అంచు వంకరటింకరగా ఉండటం, ఒకే మచ్చలో రకరకాల రంగులు, ఆరు మిల్లీమీటర్లు దాటిన వెడల్పు, రానురానూ మారిపోవడం. కంఠతా పట్టేశాను. అవి పెద్దవాళ్ళని చూసి రాసుకున్న గుర్తులని మాత్రం పట్టించుకోలేదు. జాతకం చెప్పిన నోటితోనే వైద్యమూ చెప్పసాగాను.

అంతలో అమలాపురం నుంచి చెల్లెలు ఫోన్ చేసింది. "అన్నయ్యా, బాబు చెంప మీద ఏదో లేచింది. ఎన్నాళ్ళైనా తగ్గట్లేదు, ఓసారి వచ్చి చూడవా" అంది. వెళ్ళాను. గులాబీరంగులో గుండ్రంగా, కందిగింజంత ఉంది. నలుపు లేదు, అంచు నున్నగా ఉంది, రంగంతా ఒకటే. ఎప్పుడొచ్చింది, పెరుగుతోందా అని అడగనైనా అడగలేదు. "పులిపిరేనమ్మా, సున్నం పెట్టు, రాలిపోద్ది" అన్నాను. డాక్టరుకి చూపిద్దామని బావగారు అన్నారు. "ఎందుకండీ బావగారూ, మన రంగువాళ్ళకి చర్మ క్యాన్సర్ రాదు" అని ఆయన నోరు మూయించాను. సున్నం పెట్టారు, వాడు గుక్కపట్టి ఏడ్చాడు, పుండైంది, రక్తం కారింది, మానింది, మళ్ళీ లేచింది, మునుపటికంటే పెద్దదై లేచింది, నేను మళ్ళీ సున్నమే అన్నాను, చెల్లెలు ఈసారి నాకు చెప్పకుండానే వాణ్ణి కాకినాడ తీసుకెళ్ళిపోయింది.

సంగతి తెలిసి వెనకాలే పరిగెత్తాను. "సున్నం ఎవరు పెట్టమన్నారండి?" అని అడిగారు డాక్టరమ్మగారు. నేను నోరెత్తలేదు. చెల్లెలూ నా పేరు చెప్పలేదు. ఇప్పటికీ దాని ముఖం సూటిగా చూడలేను.

పిల్లల్లో మెలనోమా చాలా చాలా అరుదు, భయపడకండి అంటూనే ఆవిడ నాకు ఒక్కొక్కటీ విప్పి చెప్పారు. టీనేజీ పిల్లల్లో వచ్చేది చాలావరకు పెద్దవాళ్ళ జబ్బు పోలికలోనే ఉంటుందట. చిన్నపిల్లల్లో అలా కాదు. నలుపు లేకుండా ఎర్రగానో గులాబీగానో, బొడిపెలా లేచి, ఒకే రంగుతో, ఎంత చిన్నదైనా సరే, అంతకుముందు మచ్చే లేనిచోట కొత్తగా రావచ్చు. రక్తం కారొచ్చు. 2013లో అమెరికా వైద్యులు ప్రచురించిన ఒక పరిశీలనలో పదేళ్ళలోపు పిల్లల్లో 60 శాతం మందికి, 11 నుంచి 19 ఏళ్ళ వాళ్ళలో 40 శాతం మందికి ఆ ఐదు గుర్తులు సరిపోలేదు. అందుకే పిల్లలకి వేరే గుర్తులు చేర్చారు. నేను ఏవి చూసి ధైర్యం చెప్పానో అవే అనుమానించాల్సినవి! పులిపిరనుకుని ఆలస్యం చేయడం వల్ల, కనిపెట్టేసరికి పిల్లల్లో అది మందంగా ఉండటం మామూలట. పెద్దవాళ్ళకంటే ఎక్కువగా లింఫ్ గ్రంథుల దాకా చేరి ఉంటుందట. అయినా పెద్దవాళ్ళకంటే పిల్లలే బాగా కోలుకుంటారట. ఆ మాట వినేదాకా నాకు ఊపిరాడలేదు.

బాబుది మొత్తం కోసి తీసి పరీక్షకి పంపారు. ఆ రిపోర్టు వచ్చేదాకా అయినవిల్లి వినాయకుడికి నేను మొక్కని మొక్కు లేదు. స్పిట్జ్ నీవస్ అని వచ్చింది. క్యాన్సర్ కాదు. 1948లో సోఫీ స్పిట్జ్ అనే పాథాలజిస్టు పిల్లల మెలనోమాలని రాసినవాటిలో చాలావరకు ఇలాంటి హానిలేని గడ్డలేనని తర్వాత తేలింది. మైక్రోస్కోపు కింద రెండూ అంత దగ్గరగా ఉంటాయి. అలాంటిదాన్ని నేను సున్నంతో కాల్పించాను. కాలిన చర్మాన్ని చదవడం పాథాలజిస్టుకి మరీ కష్టం.

రంగు మాటా తప్పే. తెల్లవాళ్ళకంటే మనకి మెలనోమా తక్కువన్నది నిజం. వస్తే మాత్రం అరికాళ్ళలో, అరచేతుల్లో, గోళ్ళ కింద, ఎండ తగలని చోట్ల వచ్చే పాలు ఎక్కువ. జమైకా గాయకుడు బాబ్ మార్లేకి కాలి బొటనవేలి గోరు కింద వచ్చింది. 1977లో బయటపడింది, 1981లో 36 ఏళ్ళకే పోయాడు. అరికాలి మచ్చలు చాలావరకు ఏమీ చేయవు. కానీ నాకు చూపించినవాళ్ళలో ఒక్కరినైనా అది పెరుగుతోందా అని అడిగానా?

బావగారి దగ్గరికి వెళ్ళి క్షమించమన్నాను. "మీరంత గట్టిగా చెప్పారు కదా బావగారూ, అందుకే ఆగిపోయాను" అన్నారాయన.