ఇడ్లీ పద్యానికి గుంటాపథ వ్యాఖ్య

అవతారిక

మెదక్ జిల్లా కొల్చారం వాడని మనం చెప్పుకునే కోలాచల మల్లినాథ సూరి, భారవి కిరాతార్జునీయానికి వ్యాఖ్య రాసి దానికి ఘంటాపథమని పేరు పెట్టాడు. ఏనుగులు గంటలు మోగించుకుంటూ నడిచే రాజమార్గమని అర్థం. మా వార్డులో అలాంటి మార్గం లేదు. ఉన్నదాన్ని బట్టి నా వ్యాఖ్యకు గుంటాపథమని పేరు పెట్టుకున్నాను. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆ మహానుభావుడు నియమం పెట్టుకున్నాడు. మొదటిది నేనూ పాటిస్తాను. రెండోదానికి మాట ఇవ్వలేను, వ్యాఖ్యానిస్తున్నది ఎన్నికల సాహిత్యం మరి.

మూలం పుట్టుక ఇదీ. 2020 మార్చిలో ఆంధ్రప్రదేశ్‌లో మునిసిపల్ ఎన్నికలకు నోటిఫికేషన్ వచ్చింది. మా గాంధీబొమ్మ సెంటర్లో ఇరవయ్యేళ్లుగా టిఫిన్ హోటలు నడుపుతున్న ఒకాయన మా వార్డు కౌన్సిలర్ పదవికి స్వతంత్ర అభ్యర్థిగా నామినేషన్ వేశారు. వీధిలో చిన్నాపెద్దా అందరికీ ఆయన బాబాయే. పార్టీ టిక్కెట్టు అడగలేదా అంటే, అడిగారు. రెండు పార్టీలవాళ్లూ ఆయన వేసిన పెసరట్టు తిని, ఉప్మా కూడా తిని, చూద్దాం అన్నారు. ఇక కరపత్రానికి నాలుగు ముక్కలు కావలసివచ్చింది. రిటైరైన మా తెలుగు మాస్టారు మూడో బల్ల దగ్గర కూర్చుని, బిల్లు కాగితం వెనక ఒక ఆటవెలది రాసిచ్చారు. పారితోషికంగా ఆ నెల మాస్టారి పద్దు మొత్తం బాబాయి కొట్టేశారు. అగ్రహారాలు ఇచ్చిన రాజులున్నారు గానీ, అల్లప్పచ్చడితో సహా ఇచ్చినవారు తక్కువ.

మూలము

అమ్మలార వినుడు! అన్నలార వినుడు!
ఇడ్లి వేయు చేయి ఇదియె చూడు!
నీళ్ళు, రోడ్డు, లైటు నే తెచ్చి యిచ్చెద
ఓటు నాకు వేయుడొక్కసారి!

ప్రతిపదార్థము

అమ్మలార = ఓ తల్లులారా (అనగా ఇంట్లో ఓట్లు ఎటు పడాలో తేల్చేవారలారా); వినుడు = వినుడి (మైకు ఆటో గుమ్మం ముందు ఆగిన పిమ్మట వినక తప్పదని భావము); అన్నలార = ఓ అన్నలారా (తనకన్న పాతికేళ్లు చిన్నవారు సైతము ఎన్నికల నెలలో అన్నలే); ఇడ్లి = ఆవిరిపై ఉడికెడి భక్ష్యమును; వేయు = వేసెడి; చేయి = హస్తము; ఇదియె = ఇదే; చూడు = చూడుము; నీళ్ళు = కుళాయి నీటిని; రోడ్డు = గుంటల నడుమ మిగిలిన భాగమును; లైటు = వీధి దీపమును; నే = నేను; తెచ్చి = ఎక్కడినుండియో తీసుకొని వచ్చి; ఇచ్చెద = ఇచ్చువాడను; ఓటు = ఓటును; నాకు = స్వతంత్రుడనైన నాకు; వేయుడు = వేయుడి; ఒక్కసారి = ఒక్క పర్యాయము, అనగా అయిదేళ్లు.

విశేషములు

ముందుగా సంధి. "వినుడు" తర్వాత "అన్నలార" వచ్చినప్పుడు ఉత్వసంధి జరిగి తీరాలి. జరగలేదు. తొమ్మిదో తరగతి పిల్లాడు పట్టే తప్పు ముప్పయ్యేళ్లు వ్యాకరణం చెప్పిన మాస్టారు చేస్తారా? అడిగాను. "పోలింగుకి ముందు ఎవడు ఎవడితో సంధి చేసుకుంటాడోయ్?" అన్నారు. నిజమే, చివరి పాదంలో "వేయుడు", "ఒక్కసారి" కలిసి చక్కగా "వేయుడొక్కసారి" అయ్యాయి. ఓటు దాకా వస్తే సంధి దానంతటదే కుదురుతుంది.

తర్వాత వచనం. మొదటి పాదంలో "వినుడు" అని బహువచనం. రెండో పాదానికి "చూడు" అని ఏకవచనం. ఛందస్సు కోసం సర్దారని సరిపెట్టుకునేవాళ్లు వ్యాఖ్యాతలు కారు. మైకులో పిలిచేది అందర్నీ. పోలింగుకి ముందు రాత్రి తలుపు తట్టేది మాత్రం ఒక్కొక్కర్నే. వీధిలైటు లేకపోవడం ఆ ఒక్క రాత్రే అభ్యర్థులందరికీ కలిసొస్తుంది.

చేయి. ఈ పదం చూడగానే ఒక జాతీయ పార్టీ గుర్తని భ్రమపడకూడదు. ఇక్కడ చేయి అంటే చేయి గల మనిషి, ఇది లక్షణార్థం. "గంగలో గొల్లపల్లె" అంటే గంగ ఒడ్డున ఉన్న పల్లె అని ఆలంకారికులు అర్థం చెబుతారు కదా, అలాగన్నమాట. (శ్రావణంలో మా వార్డును గురించి గంగలో పల్లె అంటే లక్షణ వరకు వెళ్లక్కర్లేదు, వాచ్యార్థమే చాలు.) అయితే ఈ చేయిని నేను దగ్గరగా చూశాను. బాబాయి తెల్లవారుజామున నాలుగింటికి లేస్తారు. గుడ్డ పరిచిన ఇడ్లీ పళ్లేలను ఆవిరిపాత్రలోంచి పైకి లాగి, అదే ఊపులో బల్ల మీద బోర్లించి, చల్లని నీళ్లు చిలకరించి గుడ్డ ఊడదీస్తారు. పట్టకారు ఉంది, గోడకు వేలాడుతూ. మణికట్టు నుంచి మోచేతి దాకా ఆవిరి కాల్చిన మచ్చలు, కొన్ని నల్లగా, కొన్ని ఇంకా ఎర్రగా. ఇంటింటికీ తిరిగి నమస్కారం పెడుతున్నప్పుడు ఆ చేతుల నుంచి పులిసిన మినప్పిండి వాసన వచ్చేది. ఎదురింటి పెద్దమ్మ నమస్కారం అందుకుని, "ఏరా అబ్బాయ్, చట్నీలో కొబ్బరి తగ్గించావేంటి?" అంది. ఆ వీధిలో ప్రజాసమస్యగా ఆ రోజు నమోదైనది అదొక్కటే.

కౌన్సిలర్ చేయికి ఇంకో ఉపయోగం ఉంది. మునిసిపల్ ఛైర్మన్‌ను మనం నేరుగా ఎన్నుకోం. గెలిచిన కౌన్సిలర్లు సమావేశమై చేతులెత్తి ఎన్నుకుంటారు, ఎక్స్ అఫీషియో హోదాలో ఎమ్మెల్యే, ఎంపీలు కూడా చేయెత్తుతారు. పార్టీ సభ్యుడి చేయి విప్‌కి కట్టుబడి లేస్తుంది. స్వతంత్రుడి చేతికి విప్ లేదు. అందుకని బలాబలాలు సమానంగా వచ్చిన ఊళ్లో ఆ చేతిని ముందే బస్సెక్కించి, ఏ సముద్రపు ఒడ్డు రిసార్టుకో తీసుకుపోయి, ఫోను లాక్కుని, వేళకు భోజనం పెడతారు. దీన్నే క్యాంపు అంటారు. బాబాయికి ఈ సంగతి చెబితే ఆయన అడిగింది ఒకటే: "అక్కడ టిఫిన్ ఎవరు చేస్తారు?"

వేయు. ఈ పద్యానికి ప్రాణం ఈ ధాతువే. రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ పని చేసింది. ఇడ్లీ వేస్తారు, దోసె వేస్తారు, నామినేషన్ వేస్తారు, రోడ్డు వేస్తారు, పన్ను వేస్తారు, టోపీ వేస్తారు. తెలుగులో ప్రజాజీవితమంతా ఈ ఒక్క క్రియ మీదే నడుస్తుంది. అయితే కవి ఊహించని ప్రయోగం ఇంకొకటుంది: వాయిదా వేయు.

2020 మార్చి 23న పోలింగని చెప్పారు. 13వ తేదీతో నామినేషన్ల గడువు ముగిసింది. 15న, కరోనా కారణంగా ఎన్నికల ప్రక్రియను ఆరు వారాలు నిలిపివేస్తున్నట్టు రాష్ట్ర ఎన్నికల సంఘం ప్రకటించింది. పది రోజుల్లో లాక్‌డౌన్ వచ్చింది. ఆరు వారాలు ఏడాదైంది. అప్పుడు వేసిన నామినేషన్లు అలాగే ఉన్నాయి, ఆగినచోటి నుంచే మళ్లీ మొదలుపెట్టి 2021 మార్చి 10న పోలింగు జరిపారు. అంటే మా బాబాయి ఏడాది పాటు అభ్యర్థి. హోటలు మూతపడింది, అభ్యర్థిత్వం మాత్రం తెరిచే ఉంది. పొయ్యి వెలగని నెలల్లో కూడా ఆయన కనిపిస్తే జనం కుళాయి గురించి అడిగేవారు. సడలింపులిచ్చాక పార్సిళ్లు కట్టడం మొదలుపెడితే, "మనం మనం ఒకటి, వచ్చే ఎన్నికల్లో చూసుకుందాం బాబాయ్" అని పొట్లం పట్టుకుపోయేవారు. ప్రపంచంలో ఎన్నో చోట్ల ఎన్నికలు వాయిదా పడి ఉంటాయి. వాయిదా కాలంలో ఓటర్లకు అరువు మీద టిఫిన్ పెట్టిన అభ్యర్థి ఇంకొకడున్నాడని నేననుకోను.

నీళ్ళు, రోడ్డు, లైటు. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. దానితో చేరిన పన్నెండో షెడ్యూల్లో పట్టణ సంస్థలకు అప్పగించదగిన విషయాలు 18 ఉన్నాయి. కవి మూడే ఏరుకున్నాడు. శ్మశానాలు, కబేళాలు, బందెల దొడ్లు కూడా ఆ జాబితాలో ఉన్నవే. తినేవాళ్ల ముందు అవి ఎత్తకూడదన్న వ్యాపార మర్యాద ఇక్కడ కనిపిస్తోంది. జనన మరణాల నమోదు కూడా వదిలేశాడు. సాంస్కృతిక, విద్యా, సౌందర్య విషయాలను పెంపొందించడం అనే అంశం కూడా ఆ పద్ధెనిమిదిలో ఒకటి. అది ఈ పద్యంతోనే నెరవేరిందని మాస్టారి వాదన.

"తెచ్చి" అన్న మాట దగ్గర కొంచెం ఆగాలి. కౌన్సిలర్ సంచీలో పెట్టుకుని ఏదీ తేలేడు. కౌన్సిల్లో తీర్మానం కావాలి, కమిషనర్ దగ్గర నిధులుండాలి, టెండర్ పిలవాలి, కాంట్రాక్టర్‌కి పాత బిల్లు వచ్చి ఉండాలి. నాలుగూ కుదిరాక రోడ్డు వేస్తే, మర్నాడు పైపులైను వాళ్లొచ్చి తవ్వుతారు. బాబాయి వీటన్నిటికీ కొత్త కాదు. ట్రేడ్ లైసెన్సు కోసం మునిసిపల్ ఆఫీసు మెట్లు ఏటా ఎక్కేవారే. ఆయన పోటీకి దిగడానికి అసలు కారణం కూడా నీళ్లు, రోడ్డు, లైటు మూడింటిలో లేదు. హోటలు ముందు మురుగుకాలువ మీద పలక విరిగి మూడేళ్లయింది. నాలుగు అర్జీలిచ్చారు. అయిదోది ఇవ్వడానికి వెళ్తే, "ఇవన్నీ మీ కౌన్సిలర్‌తో చెప్పించాలండీ" అన్నాడో గుమాస్తా. ఆ పూటే నిర్ణయం జరిగిపోయింది. కాలువను పద్యంలో ఎందుకు పెట్టలేదని శంక రావచ్చు. గిన్నెలు కడిగిన నీళ్లు వెళ్లేది అందులోకే గనుక, కవి మౌనం వహించాడని సమాధానం.

గుర్తు గురించి కూడా మూలంలో లేదు, అప్పటికి రాలేదు కాబట్టి. బాబాయి గ్యాస్ స్టవ్ అడిగారు. అది ఇంకొకరికి పోయి, ఈయనకు బీరువా వచ్చింది. ఇది పద్యంలోని రసాన్నే మార్చేసింది. చేయి చూపించినవాడు బీరువా చూపించేసరికి, దానిలో ఏముందోనని జనం ఆశపడ్డారు. ఏమీ లేదని తెలిశాక కోపగించారు.

పాఠాంతరము

కరపత్రం అచ్చయినప్పుడు చివరి పాదంలో "ఓటు"కు బదులు "ఒట్టు" పడింది. రెండు వేల ప్రతులు. "ఒట్టు నాకు వేయుడొక్కసారి!" బాబాయి ప్రెస్సువాడితో పోట్లాడారు గానీ, మాస్టారు వేళ్ల మీద గణాలు లెక్కపెట్టి, "గణం చెడలేదు, యతి చెడలేదు, ఉంచెయ్యి" అన్నారు. ఏది సాధుపాఠమని వార్డులో రెండు వర్గాలున్నాయి. కవరు చేతిలో పెట్టి, పసుపు కుంకుమల మీద చేయి వేయించి, పిల్లల మీద ఒట్టు వేయించుకునే సంప్రదాయం చూసినవాళ్లు ఒట్టే అసలు పాఠమంటారు. నేనూ అటే మొగ్గుతాను. బాబాయి ఒట్టూ వేయించుకోలేదు, కవరూ ఇవ్వలేదు కాబట్టి ఆయన వరకు ఓటు అన్నదే పాఠం. ఆ కాస్త తేడా ఎంత దూరం తీసుకెళ్లిందో తాత్పర్యంలో వస్తుంది.

తాత్పర్యము

ఓ స్త్రీపురుషులారా, ఇన్నాళ్లు మీకు ఇడ్లీలు వేసిన నాకు మీరు ఓట్లు వేయండి అని భావం. ఇచ్చిపుచ్చుకోవడం న్యాయంగానే కనిపిస్తుంది. కనిపించనిది గల్లాపెట్టె కింద ఉంది. ఎర్ర అట్ట పొడుగు పుస్తకం, తాడుకి కట్టిన పెన్సిలు. నామినేషన్ వేసేముందు మునిసిపాలిటీకి బకాయి ఉండకూడదని ఇంటిపన్ను, నీటిపన్ను పైసాతో సహా కట్టి రసీదులు తెచ్చుకున్నారు బాబాయి. ఆ వార్డులో ఎవరికీ ఏమీ బాకీ లేనివాడు ఆ రోజుకు ఆయనొక్కడే. ఆయనకు బాకీ ఉన్నవాళ్లు మాత్రం పుస్తకంలో 83 మంది, లాక్‌డౌన్ పేజీలతో కలిపి. వాళ్ల ఓట్లు ఖాయమని మాస్టారు లెక్కేశారు. నేనూ అవుననే అన్నాను. బాకీ ఉన్నవాడు వీధి చివర ఆయన కనిపిస్తేనే పక్కసందులోకి తిరుగుతాడు, అలాంటివాడు ఆయన్ని అయిదేళ్లు నెత్తిన పెట్టుకుంటాడా అన్న ఆలోచన మాకు రాలేదు. బాబాయికి వచ్చే ఉంటుంది. ప్రచారంలో ఒక్క ఇంటి ముందు కూడా ఆయన పద్దు మాట ఎత్తలేదు. పైగా ఖాతాదారుల గుమ్మాల దగ్గర కరపత్రం తలుపు సందులో దోపి, పిలవకుండానే వచ్చేసేవారు, ఎదుటివాడు ఇబ్బంది పడతాడని.

మార్చి 14 ఆదివారం బ్యాలెట్ పెట్టెలు తెరిచి కాగితాలు లెక్కపెట్టారు. బీరువాకి 61 పడ్డాయి.

సోమవారం తెల్లవారుజామున హోటలు తెరిచి ఉంది. విరిగిన పలక మీద అడ్డంగా ఒక చెక్క వేసుంది, ఎన్నికల ముందు నుంచీ ఉన్నదే. మూడో బల్ల దగ్గర మాస్టారు పేపర్లో ముఖం దాచుకున్నారు. గుడ్డ ఊడదీసి, ఆవిరి మొహానికి కొడుతుంటే తల పక్కకు తిప్పుకుని, ఇడ్లీలు తీస్తున్నారు బాబాయి. గెలిచిన పార్టీ కుర్రాళ్లు నలుగురు రంగు చొక్కాలతో వచ్చి నిలబడే తిన్నారు, చేతులు కడుక్కున్నారు.

"నాలుగు ప్లేట్లు. ఖాతాలో వెయ్యి బాబాయ్."

వేశారు.

గద్య

ఇది గాంధీబొమ్మ సెంటర్ వాస్తవ్య, శ్రీ టిఫిన్ హోటలు ఖాతాపుస్తక సప్తమ పుట విరాజమాన, ద్విఇడ్లీ ఏకవడా నిత్యభోక్త, రహస్య బ్యాలెట్ శరణ్యుడైన వ్యాఖ్యాతచే రచింపబడిన గుంటాపథమను వ్యాఖ్యయందు సర్వము.