ఏ మామిడి, నాయనా?

తాగడానికి కూడా పాఠం చెప్పించుకునే కాలం వచ్చింది. గ్లాసు ఎక్కడ పట్టుకోవాలో, ఎటు తిప్పాలో, ముక్కు ఎంతదాకా దూర్చాలో, నాలుక మీద ఎంతసేపు ఆపాలో నల్లకోటు కుర్రాడొకడు నించుని చెబుతాడు. మనం బుద్ధిగా తలూపాలి. ఆనక డబ్బులు కూడా మనమే ఇవ్వాలి. మీకు ఇందులో వింతేమీ కనపడదు నాయనా, మంచినీళ్ళు సీసాల్లో కొనుక్కుని పెరిగినవాళ్ళు మీరు.

సంగతేమిటంటే, మొన్న హైదరాబాదు వెళ్ళాను. చాట్రాయి బళ్ళో నా పక్కన కూర్చుని నా పలకే చూసి రాసినవాడొకడు బ్యాంకులో రిటైరై అక్కడ కొడుకు దగ్గరుంటున్నాడు. "భోజనానికి పోదాం రారా" అన్నాడు. భోజనమంటే నేను అరిటాకూ ముద్దపప్పూ ఆవకాయా అనుకున్నాను. పట్టపగలు దీపాలు తగ్గించి కూర్చున్న ఓ పెద్ద హోటలుకి తీసుకెళ్ళాడు. వైన్ టేస్టింగ్ లంచట! మా రోజుల్లో పగటిపూట తాగేవాడికి పిల్లనిచ్చేవాళ్ళు కాదు. (పొద్దున్నే పుచ్చుకునే తాటికల్లు ఈ లెక్కలోకి రాదు. దాని సంగతి తర్వాత.)

గ్లాసు చూస్తే సోలెడు, పోసింది ఉద్ధరిణెడు. పక్కన పళ్ళెంలో రెండంటే రెండు రొయ్యలు. మా చాట్రాయిని 2022లో కృష్ణా జిల్లాలోంచి తీసి ఏలూరు జిల్లాలో కలిపారు. దానివల్ల నాకు ఒరిగిందేమైనా ఉంటే కొల్లేరు చాలామటుకు మా జిల్లాదే అని చెప్పుకోవడమొక్కటే. అలాంటివాడికి రెండు రొయ్యలు పెడతారా?

మొదటిది తెల్ల వైను, షెనిన్ బ్లాంక్. నాసిక్ ద్రాక్షట. నాసిక్ అంటే మాకు పంచవటి, పక్కనే గోదారి పుట్టిన త్ర్యంబకం. పుష్కరాలకి వెళ్ళొచ్చి మా మేనత్త ఏడాదిపాటు ఆ కబుర్లే చెప్పింది. ఇప్పుడు అక్కడికి పోయేవాళ్ళు ద్రాక్షతోటలు చూసొస్తున్నారట. సరే, కుర్రాడు గ్లాసు తిప్పి, "వాసన చూడండి సార్, మామిడి తెలుస్తుంది" అన్నాడు.

ఎవరితో అంటున్నాడో పాపం వాడికి తెలియదు.

"ఏ మామిడి, నాయనా?"

"మామిడి సార్... మ్యాంగో."

"అదే, ఏది? చిన్న రసమా, పెద్ద రసమా, చెరుకు రసమా? కొత్తపల్లి కొబ్బరా? బంగినపల్లా, కలెక్టరు కాయా? దోరదా, గడ్డిలో మాగిందా?"

మావాడు బల్ల కింద నా కాలు తొక్కాడు. కుర్రాడు మంచివాడే. మామిడి ఏమీ కలపలేదనీ, ద్రాక్షరసం పులిసేటప్పుడు ఆ వాసన దానంతటదే పుడుతుందనీ ఓపిగ్గా చెప్పాడు. మళ్ళీ ముక్కు పెట్టి చూశాను. నిజం చెప్పొద్దూ, తగిలింది. చెట్టునే పండి, రాలి, ఓ పూట ఎండలో పడున్న నాటుకాయ వాసన. ఆ మాట మాత్రం వాడికి చెప్పలేదు. పెద్దరికమన్నాక కొంత ఉండాలి కదా.

వాసన పట్టడం మాకు ఎవడూ నేర్పలేదు. మా తాత పండు తొడిమ దగ్గర ముక్కు పెట్టి, ఇది బావి పక్క చెట్టుదనో, గట్టు మీద చెట్టుదనో చెప్పేవాడు. రసం పండు తినడమంటే మీరు కత్తీ ఫోర్కూ వెతుక్కుంటారు. రెండు అరచేతుల మధ్యా మెల్లగా పిసికి, లోపల టెంక కదిలేదాకా మెత్తబరచి, తొడిమ కొరికి అవతల ఉమ్మి, సొన అంటిన మొదటి చుక్క పిండేసి, అప్పుడు పీల్చాలి. తొందరపడితే సొన తగిలి పెదవి పొక్కుతుంది, పండు పగిలి చొక్కా పాడవుతుంది. మోచేతిదాకా కారింది కూడా నాకాలి. ఇప్పుడేముంది! పూత మీదే తోట కొన్నవాడు ముదరకముందే కాయ కోసి నున్న మార్కెట్టుకి తోలేస్తాడు. మొన్నటిదాకా కార్బైడు, అది కూడదన్నాక గదుల్లో పెట్టి గ్యాసు. పైన పసుపు, లోపల పులుపు. అదన్నా మామిడే. మా వైపు చెట్లు కొట్టేసి పామాయిలు మొక్కలు పెడుతున్నవాళ్ళున్నారు. వాటి గెల వాసన చూసి ఏ వైను పేరు చెబుతారో చూడాలి.

కల్లు సంగతి చెబుతానన్నాను కదా. తెల్లారకముందే దించిన తాటికల్లు, తాటాకు దొప్పలో, చెట్టు కిందే నించుని తాగాలి. కుండకి లోపల సున్నం పూస్తే పులవదు, తియ్యటి నీరా. పూయకపోతే పొద్దెక్కేకొద్దీ నురగ, మర్నాటికి మూతి దగ్గర పెట్టుకోలేం. పొద్దున్నొక రుచి, మధ్యాహ్నమొక రుచి. ఒక్క చెట్టు ఇచ్చే ఈ రుచులకి ఈ హోటలువాళ్ళు ఎన్ని సీసాలు మార్చాలో అని నేను ఉపన్యాసం మొదలెట్టగానే మావాడు ఇకిలించాడు.

"ఆ కల్లులో చచ్చిన తేనెటీగలు తేలేవిరా. నువ్వు తువ్వాల్లో వడగట్టి నాకిచ్చేవాడివి. అసలు ఆ తువ్వాలు ఎప్పుడైనా ఉతికావా?"

పట్నం నీళ్ళు తాగితే ఇలాగే ఉంటుంది, కన్నది కన్నట్టు చెప్పేస్తారు.

సారా ఊసు మాత్రం నన్నడక్కండి. అది బాగుండేదని నేనన్నా మా ఇంట్లో ఒప్పుకోరు. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు తిరగబడితే ఆ సెగ రాష్ట్రమంతా పాకి 1993లో సారా ఆగింది. 1995 జనవరిలో రామారావుగారు మొత్తం మద్యమే ఆపేశారు, 1997లో చంద్రబాబుగారు మళ్ళీ తెరిచారు. ఆ మధ్యకాలంలో మావాడు ఎంత బుద్ధిమంతుడయ్యాడో వాళ్ళావిడ ఇప్పటికీ చెప్పుకుని మురుస్తుంది. ఆమె మురిపెం నేనెందుకు పాడుచేయాలి?

ఇంతకీ అసలు ఘోరం చెప్పలేదు. బల్ల మీద ఓ గిన్నె పెట్టి, రుచి చూశాక అందులో ఉమ్మేయొచ్చన్నారు. డబ్బులిచ్చి కొన్నది ఉమ్మడమా! నా వంతు మింగాను, మావాడు మొహమాటపడి వదిలిందీ మింగాను. ఎర్ర వైను వచ్చేసరికి ఆ కుర్రాడు నాకు మనవడి వరసయ్యాడు. రొయ్యలు మళ్ళీ రెండే తెచ్చినా ఏమీ అనలేదు. మాతో వచ్చిన మావాడి కొడుకు ఫోనుతో బిల్లు కట్టాడు. ఎంతయిందని అడిగితే "ఎందుకులెండి బాబాయ్" అన్నాడు.

వచ్చే మే నెలలో చాట్రాయి రమ్మని కుర్రాడితో చెప్పాను. మీరూ రండి, వాసనకి ఏ మామిడో చెప్పడం నేర్పుతాను, రూపాయి పుచ్చుకోను. పాత చొక్కా వేసుకు రండి, మామిడి సొన మరక ఉతికినా పోదు.